ఊళ్లో తిరిగే రైలుకు ఎంత వేగం చాలు?



నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ వైపు పోయే బస్సులు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి పల్లెవెలుగు, ఇంకొకటి ఎక్స్‌ప్రెస్. రోడ్డు ఒకటే, కర్నూలు నుంచి కడప మీదుగా పోయే 40వ నంబరు జాతీయ రహదారి. దూరం ఒకటే, సుమారు 40 కిలోమీటర్లు. ఖాళీ రోడ్డు దొరికితే రెండు బస్సులూ ఇంచుమించు ఒకే వేగంతో పోతాయి. అయినా పల్లెవెలుగు ఎక్కిన మనిషి ఆళ్లగడ్డలో దిగేసరికి, ఎక్స్‌ప్రెస్ ఎక్కిన మనిషి ఇంటికి పోయి కాళ్లు కడుక్కుని కూర్చుని ఉంటాడు. కండక్టరు "హోల్డాన్" అన్న ప్రతిసారీ బస్సు ఆగాలి, "రైట్" అన్నాక మళ్లీ ఊపు అందుకోవాలి. కాలమంతా అక్కడే కరిగిపోతుంది.

ఈ పూట నేను మాట్లాడబోయేది ఊళ్లలో తిరిగే చిన్న రైళ్ల గురించి. ట్రామ్ అంటాం, లైట్ రైలు అంటాం, మెట్రో కూడా వాటి దగ్గరి చుట్టమే. నంద్యాలలో ట్రామ్ లేదు, ఆళ్లగడ్డకు అసలు రైలే లేదు, మనకెందుకయ్యా ఈ గొడవ అని మీరు అడగొచ్చు. మన పిల్లలు హైదరాబాదులో రోజూ మెట్రో ఎక్కి పనికి పోతున్నారు. విశాఖకు, విజయవాడకు మెట్రో అంటూ ఏళ్ల తరబడి వింటున్నాం. 2024 డిసెంబర్‌లో ఆ రెండు నగరాల మొదటి దశ ప్రణాళికలకు రాష్ట్ర ప్రభుత్వం ఆమోదం కూడా తెలిపింది. విశాఖకు 46 కిలోమీటర్లకు పైగా, విజయవాడకు 38 కిలోమీటర్లకు పైగా. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా అందులో ఒక అంకె మెరుస్తుంది: గంటకు 80 కిలోమీటర్ల వేగం, 90 కిలోమీటర్ల వేగం అని. ఆ అంకె మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. అబద్ధమని కాదు, దానివల్ల ప్రయాణికుడికి దక్కేది చాలా తక్కువ. ఎందుకో కాస్త లెక్క వేసి చెబుతాను. కాగితం, పెన్సిలు అక్కర్లేదు. నెమ్మదిగానే చెబుతాను.

ఊరికే ఊహించుకుందాం. నంద్యాలలో నూనెపల్లె నుంచి బొమ్మలసత్రం దాకా ఒక ట్రామ్ వేశారు. అర కిలోమీటరుకు ఒక స్టాపు. మనుషులు నిలబడి ప్రయాణం చేసే బండి కాబట్టి మరీ గుంజినట్టు బయలుదేరకూడదు. సెకను గడిచేకొద్దీ వేగం గంటకు మూడున్నర కిలోమీటర్ల చొప్పున పెరగనిస్తారు. ఆపేటప్పుడూ దాదాపు అంతే. అంతకు మించితే నిలుచున్న వాళ్లు ఒకరి మీద ఒకరు పడతారు.

ఈ బండికి 50 కిలోమీటర్లు పరిమితి అనుకోండి. ఆ వేగం అందుకోవడానికి 14 సెకన్లు, ఆగడానికి ఇంకో 14, మధ్యలో నిలకడగా 22. మొత్తం 50 సెకన్లలో అర కిలోమీటరు దాటి తర్వాతి స్టాపులో ఉంటుంది. అక్కడ తలుపులు తెరిచి, దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు ఎక్కి, మళ్లీ మూయడానికి 25 సెకన్లు. అంటే స్టాపుకు 75 సెకన్లు. సగటు చూస్తే గంటకు 24 కిలోమీటర్లు.

ఇప్పుడు పరిమితిని 80కి పెంచుదాం. పెద్ద మోటార్లు, కొత్త బ్రేకులు, ఖరీదైన పట్టాలు అన్నీ వేశాం. 80 అందుకోవడానికి దాదాపు 23 సెకన్లు పడుతుంది, ఈలోగా బండి పావు కిలోమీటరు పోయి ఉంటుంది. ఆగడానికి ఇంకో పావు కిలోమీటరు కావాలి. రెండు పావులూ కలిపితే అర కిలోమీటరు. అంటే డ్రైవరు ముల్లు 80 మీదికి రావడం చూసీచూడగానే బ్రేకు మీద చెయ్యి వేయాలి. ఇంతా చేస్తే ప్రతి స్టాపుకూ మిగిలేది 5 సెకన్లు. సగటు 24 నుంచి 26 కూడా కాదు. పరుగులో ఉన్న బండి మోసే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ప్రతి స్టాపు దగ్గరా ఆపి మళ్లీ లేపాల్సిన శక్తి మాత్రం రెండున్నర రెట్లు. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి తీగలోకి పంపే ఏర్పాటు ఈనాటి బండ్లలో ఉంది, నిజమే. అది కొంతే.

అదే 5 సెకన్లను ఇంకో దారిలో సంపాదించవచ్చు. స్టాపులో ఆగే 25 సెకన్లను 20 చేస్తే చాలు. తలుపులు వెడల్పుగా, ఎక్కువగా పెట్టాలి. బండి నేల, ప్లాట్‌ఫారం ఒకే ఎత్తులో ఉండాలి, అప్పుడు ముసలివాళ్లు మెట్టెక్కే పని లేదు. టికెట్ బండి ఎక్కకముందే ప్లాట్‌ఫారం మీదే తీసుకోవాలి. ఈ మూడు పనులూ 30 కిలోమీటర్ల అదనపు వేగంతో సమానం. ఇంత చౌకగా వచ్చేదాన్ని వదిలిపెట్టి అంకె వెంట పడటం నాకు అర్థం కాని విషయం.

స్టాపులు తగ్గిస్తే? తగ్గించొచ్చు. కిలోమీటరుకు ఒకటి చేస్తే అదే 50 పరిమితితో సగటు 32కి వస్తుంది. గరిష్ఠ వేగం పెంచడం కంటే ఇది చాలా పెద్ద లాభం. కానీ మోకాళ్ల నొప్పులతో ఉన్న అవ్వ మధ్యాహ్నం ఎండలో అర కిలోమీటరు నడిచి స్టాపు చేరుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నంద్యాల ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బండి మిగిల్చిన నిమిషాన్ని అవ్వ నడకలో ఖర్చు పెడుతుంది. అందుకే స్టాపు ఎక్కడ పెట్టాలన్నది ఇంజనీరు ఒక్కడే కూర్చుని తేల్చే లెక్క కాదు.

ఊహను పక్కనపెట్టి హైదరాబాదుకు పోదాం. అక్కడి మెట్రో 2017 నవంబర్‌లో మొదలైంది. స్తంభాల మీద, ఆకాశంలో పోతుంది. కింద ఆటోలు, బండ్లు, ఎద్దులు దేనితోనూ దానికి పేచీ లేదు. స్టేషన్ల మధ్య దూరం సుమారు కిలోమీటరు. గరిష్ఠ వేగం 80. మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా 29 కిలోమీటర్లు, 27 స్టేషన్లు. ఇన్ని సౌకర్యాలున్నా సగటు వేగం 35 దగ్గరే ఆగిపోయింది. 2022లో గరిష్ఠ వేగాన్ని 70 నుంచి 80కి పెంచుకోవడానికి మెట్రో భద్రతా అధికారులు అనుమతి ఇచ్చారు. దానివల్ల మియాపూర్ - ఎల్.బి. నగర్ దారిలో మిగిలిన కాలం 4 నిమిషాలని ప్రకటించారు. 26 పరుగుల మీద పంచితే పరుగుకు 9 సెకన్లు. ఎక్స్‌ప్రెస్ రైలుకు 10 కిలోమీటర్లు పెంచితే అది పెద్ద వార్త. ఊళ్లో రైలుకు పెంచితే అమీర్‌పేటలో ఒక్కసారి తలుపు దగ్గర తోపులాట జరిగితే ఆ 9 సెకన్ల లాభంలో సగం పోతుంది.

అసలు పరిమితి ఎక్కడ పుడుతుందో చూడాలంటే వంపుల దగ్గరికి రావాలి.

నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైలెక్కిన వాళ్లకు నల్లమల ఘాటు తెలుసు. గాజులపల్లె దాటాక అడవి మొదలవుతుంది. చలమ, దిగువమెట్ట దాకా కొండల మధ్య వంపులు తిరిగే దారి. ఇంగ్లీషు వాళ్ల కాలంలో వేసిన మీటర్‌గేజ్ దారి అక్కడ దొరబావి వంతెన మీదుగా పోయేది. బ్రాడ్‌గేజ్ వేసినప్పుడు దారి మార్చడంతో ఆ వంతెన వాడకం ఆగిపోయింది. మన రైల్వేవాళ్లు వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని వంపు వ్యాసార్ధంతో, మీటర్లలో, భాగిస్తే డిగ్రీలు వస్తాయి. మన దేశంలో మీటర్‌గేజ్ మీద 16 డిగ్రీల దాకా వంపు వేయొచ్చు. బ్రాడ్‌గేజ్ మీద 10 డిగ్రీలు మించకూడదు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం కంటే బిగువుగా తిప్పకూడదు. ఇప్పుడు మన ఊహల ట్రామ్‌ను నంద్యాల వీధి మలుపులో తిప్పండి. అక్కడ 25 మీటర్ల వ్యాసార్ధం దొరికితే గొప్ప. రైల్వే భాషలో అది 70 డిగ్రీల వంపు! పెద్ద రైలు ఆ మలుపు తిరగనే తిరగదు. చిన్న చక్రాలు, మధ్యలో కీళ్లున్న పెట్టెలు కాబట్టి ట్రామ్ తిరుగుతుంది, కానీ నెమ్మదిగా.

ఎంత నెమ్మదిగా? పక్కకు తోసే బలాన్ని నిలుచున్న మనిషి ఓర్చుకునే దాకా అని పెట్టుకుంటే, 25 మీటర్ల మలుపులో 18 కిలోమీటర్లు. 100 మీటర్లలో 36. 400 మీటర్ల వంపు దొరికితే 72 దాకా పోవచ్చు. బయటి రైల్వే దారిలో వంపు దగ్గర బయటి పట్టాను కాస్త ఎత్తి వేగం పెంచుకుంటారు. వీధిలో ఆ పని చేయలేం. పట్టాల మీదుగా బండ్లూ ఆటోలూ దాటాలి, పక్కనే అంగళ్ల గడపలు ఉంటాయి. రోడ్డును ఒకవైపు ఎత్తి పెడితే వాననీళ్లన్నీ ఎవరో ఒకరి ఇంట్లోకే.

ఇది సౌఖ్యం గురించిన ముచ్చట మాత్రమే అనుకోకండి. లండన్ దక్షిణాన క్రోయ్‌డన్ అనే చోట ట్రామ్‌లు ఉన్నాయి. అక్కడ ఒక దారి పాత రైల్వే సొరంగాల్లోంచి 80 వేగంతో వచ్చి, శాండిలాండ్స్ దగ్గర ఒక్కసారిగా 30 మీటర్ల వ్యాసార్ధమున్న వంపు తిరుగుతుంది. ఇప్పుడే చెప్పిన లెక్కను 30 మీటర్లకు వేస్తే దాదాపు 20 కిలోమీటర్లు వస్తుంది, అక్కడ పెట్టిన బోర్డు కూడా 20. 2016 నవంబర్ 9న తెల్లవారకముందు, చీకట్లో, వానలో ఒక ట్రామ్ 73 కిలోమీటర్ల వేగంతో ఆ వంపులోకి వచ్చింది. వేగం మూడున్నర రెట్లు దాటితే పక్కకు తోసే బలం 13 రెట్లవుతుంది. బండి పల్టీ కొట్టింది, ఏడుగురు చనిపోయారు, అరవై మందికి పైగా గాయపడ్డారు. దర్యాప్తు చేసినవాళ్లు డ్రైవరు తానెక్కడున్నాడో ఆ క్షణంలో తనకే తెలియని స్థితిలో పడిపోయి ఉంటాడని అన్నారు. సొరంగంలో నిద్రమత్తు లాంటిది. ఆ తర్వాత ఆ దారిలో వేగాన్ని మెట్లు మెట్లుగా తగ్గించే బోర్డులు పెట్టారు. బండి పరిమితి దాటి వస్తే తనంతట తానే ఆగే ఏర్పాటు కూడా చేశారు. 80 నుంచి ఏకాఎకి 20కి దించే బోర్డు ఒక్కటే మనిషిని నమ్ముకుని ఉండటం సరికాదని ఆ ఏడు ప్రాణాలు పోయాక తేలింది.

బ్రేకు సంగతి కూడా చెప్పాలి. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం బాగా దొర్లుతుంది, బాగా జారుతుంది కూడా. మంచి ట్రామ్‌లకు చక్రం బ్రేకుతో పాటు పట్టాకు అంటుకునే అయస్కాంత బ్రేకు ఉంటుంది. దాన్ని అత్యవసరంగా వాడితే, డ్రైవరు చూసి తేరుకునే ఒక సెకను కూడా కలుపుకుని, 50 వేగంలో ఉన్న బండి సుమారు 50 మీటర్లలో ఆగుతుంది. 80లో ఉంటే 110 మీటర్లు కావాలి. లోపల నిలుచున్నవాళ్ల గతి వేరే చెప్పాలా! వీధిలో 110 మీటర్ల ముందు ఎవరు అడ్డం వస్తారో ఏ డ్రైవరుకు తెలుస్తుంది? జర్మనీలో ట్రామ్‌లకు ఒక చట్టం ఉంది. సిగ్నల్ రక్షణ లేకుండా కళ్లతో చూసుకుంటూ నడిపే బండి 70 దాటకూడదు. కార్లతో కలిసి వీధిలో పోతుంటే కార్ల పరిమితే దానికీ వర్తిస్తుంది, ఊళ్లో మామూలుగా 50. అమెరికాలో అయితే గంటకు 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు దాటి పోయే దారికి రోడ్డు అడ్డం వస్తే గేటు పెట్టాలని మార్గదర్శకాలు చెబుతాయి.

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఆళ్లగడ్డ ప్రాంతం పిల్లలు కూడా అక్కడ ఉద్యోగాల్లో ఉన్నారు. అక్కడి లైట్ రైలు 65 మైళ్లు, సుమారు 105 కిలోమీటర్ల దాకా పోగలదు. లైట్ రైళ్లలో అది పై అంచు కిందే లెక్క. ఊరి బయట, తన సొంత దారిలో, స్టేషన్లు దూరదూరంగా ఉన్నచోట అది సాధ్యం. అదే బండి డాలస్ నడిబొడ్డు వీధిలోకి వచ్చేసరికి సైకిలు తొక్కేవాడితో పోటీ పడుతుంది. మెల్‌బోర్న్‌లో ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రామ్ వ్యవస్థ ఉంది, 250 కిలోమీటర్ల దారి. సగటు వేగం 16 కిలోమీటర్లు. దారిలో ముప్పావు వంతు కార్లతో పంచుకోవడమే కారణం. సెయింట్ కిల్డా వైపు పోయే ట్రామ్ మాత్రం 1987లో పాత రైలు దారిని తీసుకుంది. అక్కడ అదే బండి, అదే డ్రైవరు, దూసుకుపోతుంది.

ట్రామ్ మనకు కొత్తేమీ కాదు. మద్రాసులో 1895లోనే కరెంటు ట్రామ్‌లు వచ్చాయి. చదువుకో, కోర్టు పనికో మద్రాసు పోయిన మన తాతల కాలంవాళ్లు వాటిలోనే తిరిగారు. 1953లో, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాదే, ఆ ట్రామ్‌లు ఆగిపోయాయి.

ఇప్పుడు మళ్లీ మన దేశంలో తేలిక రైలు మాట వినిపిస్తోంది. 2019లో కేంద్ర ప్రభుత్వం మెట్రోలైట్ అనే పేరుతో ఒక ప్రమాణం ప్రకటించింది. పెద్ద మెట్రో భారం మోయలేని ఊళ్ల కోసం. అందులో గరిష్ఠ వేగం 60, సగటు 25. ఇంత తక్కువా అని ఎవరికైనా అనిపించవచ్చు. నాకు మాత్రం నచ్చింది. రాసినవాళ్లు లెక్క తెలిసినవాళ్లనిపించింది. దానికంటూ కంచె వేసిన సొంత దారి ఉండాలని కూడా అందులోనే చెప్పారు. అది అసలు సంగతి. కూడలిలో ట్రామ్ వస్తుంటే సిగ్నల్ దానికే పచ్చగా మారాలి. ఎదురుచూపు ఒక్కో కూడలిలో 40 సెకన్లయితే, 5 సెకన్ల కోసం మోటార్లు పెంచడం దండగ.

విశాఖ, విజయవాడ మెట్రో పటాలు బయటకు వచ్చినప్పుడు నేను వేగం అంకె చూడను. స్టేషన్ల మధ్య ఎంత దూరం, అన్నిటికంటే బిగువైన వంపు ఎన్ని మీటర్లు, ప్లాట్‌ఫారం మీదికి కింది నుంచి ఎక్కడానికి ఎంతసేపు అని వెతుకుతాను. నేల మీది నుంచి మూడంతస్తుల పైకి ఎక్కి, సామాను పరీక్ష దాటి, ప్లాట్‌ఫారం చేరడానికి 4 నిమిషాలు పడితే, హైదరాబాదులో 10 కిలోమీటర్ల వేగం పెంచి మిగిల్చిందంతా అక్కడే ఖర్చు.

చివరిగా మన నంద్యాల - ఆళ్లగడ్డ సంగతి. ఈ రెండు ఊళ్ల మధ్య ట్రామ్ వేస్తే ఎట్లుంటుంది అని కొందరు సరదాగా అంటుంటారు. ట్రామ్ వద్దు. ఊళ్ల మధ్య లెక్క తలకిందులవుతుంది. శిరివెళ్ల మెట్ట లాంటి చోట్ల ఆగుతూ, 5 కిలోమీటర్లకు ఒక స్టాపు అనుకుంటే, 60 వేగంతో ఒక్కో పరుగుకు 5 నిమిషాలకు పైగా పడుతుంది. 100 వేగంతో మూడున్నర నిమిషాలు. ఇక్కడ గరిష్ఠ వేగానికి విలువ ఉంది. ఇది ట్రామ్ పని కాదు, మామూలు రైలు పని. ఆ రైలు వేరే దారి పట్టింది. నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు 123 కిలోమీటర్ల కొత్త దారి 2016లో పూర్తయింది. బనగానపల్లె, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా అది పడమటి వైపు నుంచి తిరిగింది. ఆళ్లగడ్డ తూర్పున మిగిలిపోయింది.

కాబట్టి ఆళ్లగడ్డవాళ్లకు నంద్యాల స్టేషనే దిక్కు. రాత్రి రైలు అందుకోవాలంటే సాయంత్రమే బస్సు ఎక్కాలి. హైవే మీద 40 కిలోమీటర్లూ గంటలోపే అయిపోతాయి. ఆ తర్వాత బస్టాండు ఒకచోట, రైల్వే స్టేషన్ ఇంకోచోట. మధ్యలో ఆటో బేరం, ట్రాఫిక్, ఆపైన ప్లాట్‌ఫారం మీద రెండు మూడు గంటల పడిగాపులు. బస్సు వేగం ఇంకో 20 పెంచినా ఇందులో మారేది ఏమీ లేదు. ముఖ్యమైన రైళ్ల వేళలు చూసుకుని, ఆళ్లగడ్డ నుంచి ఒకటి రెండు ఎక్స్‌ప్రెస్‌లు నేరుగా నంద్యాల రైల్వే స్టేషన్ ముందుకే వచ్చేలా నడిపితే గంటకు పైగా మిగులుతుంది. దీనికి పట్టాలు అక్కర్లేదు, కొత్త బండ్లు అక్కర్లేదు. టైము పట్టిక ఒకటి మార్చాలి.